డిశ్చార్జి కాగితంతో బాధ్యత తీరిపోతుందా?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ ఉన్నతాధికారులకు,



ఏలూరు మూర్ఛలు ముగిసిపోయిన కథ అనుకోవడం నాకు మింగుడు పడటం లేదు. అందుకే ఈ ఉత్తరం. 2020 డిసెంబరు 5న వన్‌టౌన్ వీధుల్లో మొదలై, వారం పది రోజుల్లో ఆరు వందలు దాటిన బాధితుల జాబితా మీ శాఖ దగ్గరే ఉంది. ఎవరు ఏ వార్డులో చేరారో, ఎవరిని విజయవాడ పంపారో, ఎవరి రక్తం ఏ ల్యాబుకు వెళ్లిందో, ఎవరు ఎన్నో రోజున ఇంటికి వెళ్లారో మీ రిజిస్టర్లలో రాసే ఉంటుంది. నేను అడిగేది ఆ తర్వాతి పేజీ గురించి. అది ఉంటే జనానికి చూపించండి. లేకపోతే ఎందుకు లేదో చెప్పండి.

ఆ రోజుల్లో ఒక మనిషి ప్రాణం పోయింది. మిగిలినవాళ్లు మూడు నిమిషాలో ఐదు నిమిషాలో కొట్టుకుని, నోట నురగ కక్కి, ఆ తర్వాత కాసేపు తామెక్కడున్నదీ తెలియక బిక్కచూపులు చూసి, చివరికి లేచి కూర్చున్నారు. వాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. ఆసుపత్రి లెక్కలో వీళ్లంతా కోలుకున్నవాళ్లు. ఏ పరీక్ష చేసి కోలుకున్నారని తేల్చారు? మూర్ఛ ఆగడం ఒక్కటే కొలబద్దా? ఆరు నెలలకో ఏడాదికో పిలిచి, నిద్ర పడుతోందా, జ్ఞాపకం ఎలా ఉంది, పిల్లాడు చదువులో వెనకబడ్డాడా, మనసు ఎలా ఉంటోంది అని ఎంతమందిని అడిగారు?

ఏలూరుకు ఎవరూ రాలేదని నేను అనను. ఢిల్లీ ఎయిమ్స్ వచ్చింది, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వచ్చింది, హైదరాబాదు నుంచి జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ పనిచేశాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ మనుషులూ వచ్చారు. ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన 21 మందితో కమిటీ కూడా వేశారు. మొదట రక్తంలో సీసం, నికెల్ ఎక్కువగా ఉన్నాయన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని నిపుణులు ముఖ్యమంత్రికి నివేదించారు. అవి ఒంట్లోకి ఎలా చేరాయన్నది దీర్ఘకాలం అధ్యయనం చేయాలన్నారు. అక్కడితో జనం చెవికి అందే మాటలు ఆగిపోయాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండు ముక్కలైంది, ఏలూరు ఒకచోట, మా ఉండి ఊరు భీమవరం కేంద్రంగా ఇంకోచోట. 2024లో ప్రభుత్వమూ మారింది. శాఖ మాత్రం అదే శాఖ కదా!

"అసలు కారణం పూర్తిగా తేలలేదు, తేలని జబ్బుకు ఏమని వెంటపడతాం?" అనే వాదన ఒకటి ఉంది. వినడానికి సబబుగానే ఉంటుంది. నాకు అభ్యంతరం సరిగ్గా అక్కడే. సీసమా, పురుగుమందా అన్న తగవు నీటి సరఫరా వాళ్లకు ముఖ్యం, వ్యవసాయ శాఖకు ముఖ్యం. ఒకసారి ఆ విషం ఒంట్లోకి చేరిన మనిషిని ఏళ్ల తరబడి గమనించడానికి మాత్రం ఆ తగవు తేలనక్కర్లేదు. రెండూ మెదడుకు చేసే కీడులో పెద్ద భాగం ఒకే దారిన జరుగుతుంది. దాన్ని వైద్యులు ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. మీలో చాలామంది వైద్యులే కనుక మీకిది తెలిసిందే. అయినా ఇది బహిరంగ లేఖ కాబట్టి, ఉండి బస్టాండులో ఈ పత్రిక తిరగేసే వాళ్లకూ అర్థం కావాలి.

మెదడు బరువు ఒంటి బరువులో రెండు శాతం. పీల్చే ప్రాణవాయువులో మాత్రం దాదాపు ఐదో వంతు అదే వాడుకుంటుంది. ఆ వాడకంలో కణాల లోపల కొన్ని చురుకైన అణువులు పుడతాయి, వాటినే ఫ్రీ రాడికల్స్ అంటున్నాం. మామూలు రోజుల్లో గ్లూటాథయోన్ వంటివి వాటిని ఎప్పటికప్పుడు చల్లారుస్తాయి. పుట్టేవి ఎక్కువై, చల్లార్చేవి తక్కువైతే అవి దొరికిన దాన్నల్లా కొరుకుతాయి. మెదడులో వాటికి ముందు దొరికేది కొవ్వు, అందులోనూ సులువుగా పాడయ్యే రకం కొవ్వు. డబ్బాలో నెలల తరబడి ఉండిపోయిన జంతికలకు పాత నూనె కంపు వస్తుంది చూడండి, నాడీకణాల పొరల్లో జరిగేది అదే జాతి రసాయన చర్య. నూనె ఎంత పాడైందో చూడటానికి ల్యాబులో మాలోన్‌డైఆల్డిహైడ్ అనే పదార్థాన్ని కొలుస్తారు. కుంగుబాటు ఉన్న మనుషుల రక్తంలో పరిశోధకులు కొలిచే వాటిలోనూ అదొకటి.

సీసం రక్తంలో హీమ్ తయారీకి కావలసిన ఒక ఎంజైమును పట్టి ఆపేస్తుంది. ఆగిన చోట పేరుకునే పదార్థం తనంత తానే ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. పైగా సీసం గ్లూటాథయోన్‌ను అంటుకుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందు దారి వేరు. అది అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును కట్టేస్తుంది. నరాల మధ్య సంకేతం ఆగాల్సిన చోట ఆగదు, మూర్ఛ వస్తుంది. మూర్ఛలో నాడీకణాలు పట్టపగ్గాల్లేకుండా ఉరకలేస్తాయి, మైటోకాండ్రియా మీద భారం పడుతుంది, మళ్లీ ఫ్రీ రాడికల్సే. అంటే ఆ డిసెంబరులో ఏలూరు మనుషుల మెదళ్లు ఏ తలుపులోంచి దెబ్బ తిన్నా, లోపల జరిగిన నష్టానికి పోలిక ఉంది. ఈ మాట చెప్పడానికి కమిటీ తుది నివేదిక దాకా ఆగాలా?

ఇంకొక మాట. సీసం రక్తంలో సగానికి తగ్గడానికి నెల రోజులు చాలు. అందుకే కొన్నాళ్ల తర్వాత రక్తం తీస్తే "తగ్గిపోయింది" అని వస్తుంది. నిజానికి అందులో చాలా భాగం ఎముకల్లోకి వెళ్లి కూర్చుంటుంది, అక్కడ దశాబ్దాలు ఉంటుంది. ఆడపిల్ల గర్భం దాల్చినప్పుడు, పాలిచ్చేటప్పుడు ఎముకల్లోంచి కాల్షియంతో పాటు అదీ బయటికొస్తుంది. అప్పుడు పదో తరగతి చదివిన పిల్లలు ఇప్పుడు పెళ్లీడుకు వచ్చారు. వాళ్లలో ఎవరైనా కాన్పుకు వస్తే, 2020లో వాళ్ల రక్తంలో సీసం ఎంత ఉందో ఆ డాక్టరు చూడగలిగే ఏర్పాటు ఉందా? ఉందని మీరు చెప్తే నేను మొట్టమొదట సంతోషిస్తాను.

ఇక మనసు సంగతి. ఆక్సిడేటివ్ స్ట్రెస్ వల్లే కుంగుబాటు వస్తుందని నేను తెగేసి చెప్పను, చెప్పకూడదు కూడా. కుంగుబాటు ఉన్నవాళ్లలో కొవ్వు పాడైన గుర్తులు, డీఎన్ఏ దెబ్బతిన్న గుర్తులు సగటున ఎక్కువగా కనబడుతున్నాయన్నది చాలా అధ్యయనాలు కలిపి చూస్తే తేలింది. ఏది ముందు, ఏది వెనక అన్నది ఇంకా వాదంలో ఉంది. దిగులు మనిషి నిద్రను, తిండిని చెడగొట్టి ఆ గుర్తులను పెంచవచ్చు. ఆ నష్టమే దిగులును పెంచవచ్చు. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోవచ్చు. ఆ గుర్తులు కొలిచి ఫలానా మనిషికి డిప్రెషన్ ఉందని చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. ఇంతవరకూ జాగ్రత్తగానే మాట్లాడదాం.

జాగ్రత్తగా మాట్లాడినా మిగిలేది తక్కువేం కాదు. అమెరికాలో 1999 నుంచి 2004 దాకా జరిగిన ఆరోగ్య సర్వేలో 20 నుంచి 39 ఏళ్ల మధ్య వాళ్లను దాదాపు రెండు వేల మందిని చూస్తే, రక్తంలో సీసం అందరికన్నా ఎక్కువున్న వర్గంలో కుంగుబాటు, అందరికన్నా తక్కువున్న వర్గంతో పోలిస్తే రెట్టింపుకు మించి కనబడింది. ఆ "ఎక్కువ" కూడా డాక్టర్లు మామూలుగా పట్టించుకునే స్థాయి కాదు, చాలా తక్కువ. అదే దేశంలో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల రైతుల మీద 1993లో మొదలుపెట్టిన అధ్యయనం ఉంది. పురుగుమందు విషం ఎక్కిందని ఎప్పుడైనా డాక్టరు తేల్చిన రైతుల్లో కుంగుబాటు మిగతావాళ్లకన్నా రెట్టింపుకు మించి ఉందని అందులో తేలింది. 1995లో టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ చల్లారు. సారిన్ కూడా ఆర్గానోఫాస్ఫరస్ కుటుంబానిదే. బతికి బయటపడ్డవాళ్లను జపాన్ వైద్యులు ఏళ్ల తరబడి పిలిచి చూస్తే జ్ఞాపకం తగ్గడం, నిద్ర చెడటం, భయం వదలకపోవడం కనబడుతూనే వచ్చాయి. వెతికారు కాబట్టి కనబడ్డాయి. మనం వెతికామా?

ఏలూరు ఒక్కసారి జరిగిన ఘటన. మా దగ్గర జరిగేది ఏడాదికి రెండు పంటల చొప్పున జరుగుతూనే ఉంది. సార్వాలో నాట్లు పడ్డాక ఆకుముడత అనో, దోమ అనో కబురు వస్తుంది. ఒకసారి ఆ రోజుల్లో పొద్దున్న ఏడింటికి ఉండి చుట్టుపక్కల ఏ గట్టు మీదైనా నిలబడండి. మందు కొట్టే కూలికి జీతం లేదు, ట్యాంకుకు ఇంత అని లెక్క. ఎన్ని ట్యాంకులు కొడితే అంత. కాబట్టి ఆగడు. లుంగీ ఎగ్గట్టి, కాళ్లకేమీ లేకుండా, మూతికి తువ్వాలు చుట్టుకుని దిగుతాడు. బక్కెట్లో రెండు మూడు రకాల మందులు కలిపి చేత్తోనే తిప్పుతాడు. మధ్యలో నాజిల్ మూసుకుపోతే విప్పి నోటితో ఊదుతాడు. ఎదురుగాలి వస్తే ముఖం పక్కకు తిప్పుతాడు, అంతే. పని అయ్యాక ట్యాంకు కడిగేది పక్క బోదెలోనే. ఖాళీ సీసా గట్టు మీదో కాలవలోనో. గ్లౌజులు, కళ్లజోడు సీసా మీది బొమ్మలో ఉంటాయి. బొమ్మ అర్థం చేసుకునే తీరికా ఉండదు, ఎండలో అవి వేసుకుంటే ఊపిరాడదని వాళ్లు చెప్పే మాటా అబద్ధం కాదు.

సాయంత్రానికి తల దిమ్ముగా ఉంటుంది, నోరు ఊరుతుంది, చెమట ఆగదు. మజ్జిగ తాగి పడుకుంటాడు. చాలామంది మజ్జిగ దగ్గర ఆగరు, ఒళ్లు నొప్పులకని క్వార్టరు వేస్తారు. నాలుగైదు సీజన్లు గడిచాక నిద్ర పట్టదు, ఎవరు పలకరించినా కసురుకుంటాడు, పనికి లేవబుద్ధి కాదు, ఏ సంబరానికీ నవ్వడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు, ఊళ్లోవాళ్లు తాగుడంటారు. ఓపీలో చీటీ మీద బి-కాంప్లెక్సు, గ్యాసు మాత్ర రాసి పంపుతారు. తాగుడు వల్ల దిగులా, దిగులు వల్ల తాగుడా, రెండింటికీ ముందు ఆ బక్కెట్లో చెయ్యి పెట్టడం ఉందా? ఈ ప్రశ్న అడగడానికి ఓపీ చీటీలో "ఏం పని చేస్తావు?" అన్న గడి అయినా ఉండొద్దా?

ఇదంతా వ్యవసాయ శాఖ చూసుకోవలసిన పని అనబోతారేమో. అక్కడ అడిగితే ఆరోగ్యం మీది అంటారు. చట్టం ఏమంటుందో చూద్దాం. 1968 నాటి పురుగుమందుల చట్టంలో 26వ సెక్షను ఉంది. పురుగుమందు వాడకం వల్ల విషప్రభావం కలిగిన ప్రతి కేసునూ ఫలానా అధికారికి తెలియజేయాలని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషను ఇవ్వవచ్చని దాని సారాంశం. ఆ సెక్షను కింద పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల నుంచి మీకు ఏటా ఎన్ని కేసులు అందుతున్నాయి? ఆత్మహత్యాయత్నాలు పక్కన పెట్టండి, పొలంలో మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయినవాళ్ల లెక్క అడుగుతున్నాను.

1971 నాటి నియమాల్లో 37వ నియమం ఇంకా సూటిగా ఉంది. మందుల తయారీలో, పిచికారీలో పనిచేసేవాళ్లకు పనిలో పెట్టుకునే ముందు, ఆ తర్వాత విడతలవారీగా వైద్య పరీక్షలు చేయించాలి. ఆర్గానోఫాస్ఫరస్, కార్బమేట్ మందులతో పనిచేసేవాళ్ల రక్తంలో కోలినెస్టరేజ్ నెలనెలా కొలవాలి. అర్ధ శతాబ్దం దాటిన నియమం ఇది. దాని ప్రకారం నెలనెలా రక్తం తీయించుకున్న కూలీ ఈ డెల్టాలో ఒక్కడైనా ఉన్నాడా? చేయించాల్సింది యజమాని అని మీరంటే, రెండెకరాల కౌలు రైతు ఏ ల్యాబుకు తీసుకెళ్లాలి? ఉండి నుంచి ఎంత దూరంలో ఆ పరీక్ష దొరుకుతుంది?

ఆ పరీక్షలో ఒక కిటుకుంది, మీకు తెలియనిది కాదు. కోలినెస్టరేజ్ సహజ స్థాయి మనిషికీ మనిషికీ తేడాగా ఉంటుంది. ఒకరికి సగానికి పడిపోయినా కాగితం మీద "నార్మల్" అనే రావచ్చు. అందుకే మందు కొట్టే సీజను మొదలవకముందే ఒకసారి కొలిచి పెట్టుకోవాలి, తర్వాత కొలిచినదాన్ని దానితో పోల్చాలి. కాలిఫోర్నియాలో 1974 నుంచీ ఇలా చేస్తున్నారు. స్థాయి పడిపోతే మళ్లీ కోలుకునేదాకా ఆ కూలీని మందు పనికి పంపరు. ఇందులో రాకెట్టు విద్య ఏముంది? సూది, గొట్టం, ఒక రిజిస్టరు, చదివి కబురు చెప్పే ఒక మనిషి.

నీళ్ల గురించి రాయకుండా ఉండి మనిషి ఉత్తరం ముగియదు. ఇక్కడ బోరు నీళ్లు ఉప్పన. విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన గోదావరి కాలవ నీళ్లే మా మంచినీళ్ల చెరువులోకి వస్తాయి. వేసవిలో కాలవలు కట్టేసే ముందు చెరువు నింపుకుని రెండు మూడు నెలలు నెట్టుకొస్తాం. తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరే కాలవ కథా అంతే. దారి పొడుగునా చేలు, ఊళ్లు, రేవులు. మురుగు కోడుల్లోకి దిగిన నీరు కొల్లేరులోకి, అక్కడి నుంచి ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి. మధ్యలో చేపల చెరువులవాళ్లు అదే నీటిని తోడుకుంటారు. చేపకు పేను పడితే వాళ్లూ చల్లేది పురుగుమందే. ఈ నీటిలో క్లోరిను ఉందా, మలంలో ఉండే సూక్ష్మక్రిములు ఉన్నాయా అని చూస్తారు. పురుగుమందుల కోసం ఏ నెలలో ఎన్నిసార్లు చూస్తారు? పరీక్షలన్నీ కాలవలు కట్టిన వేసవిలో చేసి, మందు కొట్టే ఆగస్టు, సెప్టెంబరుల్లో మానేస్తే ఏం కనబడుతుంది? ఏలూరులో మునిసిపాలిటీ కుళాయి నీళ్లు తాగని వాళ్లకూ ఫిట్స్ వచ్చాయని అప్పట్లో చెప్పారు. అంతమాత్రాన నీళ్లను నిర్దోషి అని వదిలేయలేం, కాకపోతే కూరగాయలు, టిన్ను నీళ్లు, గాలి కూడా బోనులోకి వస్తాయి.

ఒక తేదీ మీకు గుర్తు చేయాలి. 2018 ఆగస్టులో కేంద్రం పద్దెనిమిది పురుగుమందులను నిషేధించింది. అందులో డైక్లోర్‌వాస్, ఫోరేట్, ట్రయజోఫాస్ వంటి ఆరింటికి 2020 డిసెంబరు 31 దాకా గడువిచ్చింది. ఏలూరులో జనం పడిపోయింది ఆ గడువుకు నాలుగు వారాల ముందు. దీనికీ దానికీ నేను ముడిపెట్టడం లేదు, ఆధారం లేకుండా ముడిపెట్టడం నాకు నచ్చదు. కానీ ఆ నెలలో జిల్లాలోని పురుగుమందుల కొట్లలో ఏ సరుకు ఎంత అమ్ముడైందో, మిగిలింది ఎక్కడికి పోయిందో ఆరోగ్య శాఖ అడిగి తెలుసుకుందా? ఇలాంటి విచారణల్లో పోలీసులు చేసే మొదటి పని అదే కదా.

ఇంతలో అంగడి ఊరుకోదు. "మెదడుకు యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్" అని పది మాత్రల పట్టీ నెలకింత అని అమ్ముతున్నారు, డాక్టర్ల చీటీల్లోనూ వస్తోంది. ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఉంది కాబట్టి దానికి విరుగుడు మింగితే సరి అన్న లెక్క అంత తిన్నగా కుదరదు. ఫిన్లాండులో పొగతాగే మగవాళ్లకు బీటా కెరొటిన్ ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఫలితం 1994లో వచ్చింది, ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా పెరిగింది. కుంగుబాటుకు ఎన్-అసిటైల్‌సిస్టీన్ ఇచ్చి చూసిన పరీక్షల్లో కొన్నిచోట్ల కొంచెం మేలు, కొన్నిచోట్ల ఏమీ లేదు. ములగాకు, గోంగూర, చేప తినమని చెప్పండి, అది మంచిదే, చవకా. కానీ రోజూ మందు బక్కెట్లో చెయ్యి పెట్టే మనిషికి క్యాప్సూలు రాసివ్వడం వైద్యమా? ఆ చేతికి గ్లౌజు ఇప్పించడం మీ పని కాదా?

కుంగిన మనిషి ఇంట్లోనే, మంచం కిందో గాదె వెనకో, ఆ మందు సీసా ఉంటుందన్న సంగతి కూడా మీకు తెలుసు. శ్రీలంక 1990లలో మహా విషపు మందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోతే ఆ తర్వాతి ఏళ్లలో ఆత్మహత్యల రేటు బాగా పడిపోయింది. పంట దిగుబడి పడిపోలేదు. ఏ మందు అమ్మకంలో ఉండాలన్నది ఢిల్లీలో తేలుతుందంటారు. సరే, ఇక్కడి ఆసుపత్రుల లెక్కలు ఢిల్లీకి పంపి ఒత్తిడి తేవలసింది ఎవరు? 14416కు ఫోను చేస్తే టెలి-మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రంలో తెలుగులో మాట్లాడతారని, డబ్బు కట్టనక్కర్లేదని మా చుట్టుపక్కల మందుల కొట్లలో ఎక్కడైనా ఒక బోర్డు పెట్టించారా? పురుగుమందు అమ్మే ప్రతి కొట్టులో ఆ నంబరు అంటించమని ఒక్క ఉత్తర్వు చాలు, దానికి బడ్జెట్టు కూడా అక్కర్లేదు.

జపాన్‌లోని మినమాతలో అంతుచిక్కని జబ్బు అని 1956లో బయటపడిన దానికి ఫ్యాక్టరీ వదిలిన పాదరసమే కారణమని ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1968 దాకా పట్టింది. ఆ పన్నెండేళ్లూ జనం ఆ చేపలు తింటూనే ఉన్నారు. కారణం తేలేదాకా కదలమన్న పట్టుదలకు ఎవరు మూల్యం చెల్లిస్తారో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నేను కోరేవి పెద్ద పెద్ద పథకాలు కావు. 2020 జాబితాలో ఉన్న ప్రతి మనిషినీ వెతికి పిలవండి. ఊరు మారినవాళ్లు ఉంటారు, కొందరు రామంటారు, అది సహజం. వచ్చినవాళ్లకు రక్తంలో సీసం, జ్ఞాపకశక్తి, నిద్ర, మనసు పరీక్షలు చేయించండి. అప్పటి రిపోర్టుల నకలు వాళ్ల చేతికివ్వండి, అవి వాళ్లవి. ఏలూరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది, అక్కడి పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఉండిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ఏ పురుగుకు ఏ మందు ఎప్పుడు కొడతారో వాళ్లకు తెలుసు. ఆ క్యాలెండరు తీసుకుని మీ ఆరోగ్య కేంద్రాల వాళ్లను వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. మందు కొట్టే కూలీల పేర్లు ఊరిలో అందరికీ తెలిసినవే, ఆశా కార్యకర్త ఒక్క పూటలో రాసుకొస్తుంది. వాళ్లకు కోలినెస్టరేజ్ పరీక్ష, దాంతోపాటు దిగులు గురించి అడిగే చిన్న ప్రశ్నావళి. కాలవ నీటిలో పురుగుమందుల పరీక్ష ఫలితాలు నెలనెలా పంచాయతీ బోర్డు మీద.

"జనాన్ని భయపెట్టినట్టవుతుంది" అనే మాట కూడా వినబడుతుంటుంది. మా జనం భయపడే రోజులు దాటిపోయాయి. 2020 డిసెంబరులో నడిరోడ్డు మీద పడిపోయిన మనిషిని చూసినవాళ్లకు ఒక కాగితం మీద అంకె చూస్తే భయమేమిటి? లెక్క చెప్పకపోతేనే ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకుంటారు, ఆ అనుమానాలతో వ్యాపారం చేసేవాళ్లు చేస్తారు.

సార్వా నాట్లు జులైలో పడతాయి. మొదటి మందు ఆగస్టులో పడుతుంది. కూలీల రక్తంలో సహజ స్థాయి ఎంతో కొలిచి పెట్టుకోవాలంటే అది ఆ లోపే జరగాలి, ఒక్కసారి ట్యాంకు భుజానికెక్కాక తీసిన రక్తం పోల్చడానికి పనికిరాదు. ఏలూరు బాధితుల గురించి, 26వ సెక్షను కేసుల గురించి, 37వ నియమం గురించి నేనడిగిన వాటికి జవాబు నాకు విడిగా పంపనక్కర్లేదు. ఏలూరు, భీమవరం ప్రభుత్వ ఆసుపత్రుల గోడలకు అంటించండి, అందరం వచ్చి చదువుకుంటాం.

ఇట్లు,
ఉండి నుంచి ఒక పౌరుడు